కరుణకు ముందు మైత్రి

భగవద్గీత పన్నెండవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ తనకు ప్రియుడైన భక్తుని లక్షణములను వరుసగా చెప్పియున్నాడు. ఆ వరుసలో మొట్టమొదటిది ఏ ప్రాణి యెడలను ద్వేషము లేకుండుట. రెండవది మైత్రి. మూడవది కరుణ. పతంజలి మహర్షియు యోగసూత్రములలో చిత్తము నిర్మలమగుటకు నాలుగు భావనలను ఉపదేశించెను. సుఖముగా నున్నవారి యెడ మైత్రి, దుఃఖించువారి యెడ కరుణ, పుణ్యాత్ముల యెడ సంతోషము, పాపుల యెడ ఉపేక్ష అనునవి ఆ నాలుగు. అందును మైత్రియే ముందు నిలిచినది. కరుణ దాని వెనుక నడచినది.

పెద్దలు పిల్లలకు నేర్పునది సామాన్యముగా ఇందుకు తలక్రిందుగా నుండును. "పాపము, వాడు పేదవాడు, దయ చూపుము" అని మొదట కరుణను నేర్పుదురు. "వాడును నీవంటివాడే; వానితో కూర్చుండుము, ఆడుకొనుము" అని మైత్రిని నేర్పుట మాత్రము మరతురు. మైత్రి లేని కరుణ ఎత్తైన అరుగుమీద నుండి క్రిందికి విసరిన రూపాయి వంటిది. అందుకొనువాని ఆకలి తీరవచ్చును గాని తల వంగిపోవును. ఇచ్చువాని చేయి చాచబడును గాని మనస్సు చాచబడదు. పదమూడు మొదలు పందొమ్మిది ఏండ్ల ప్రాయము వారికి ఈ భేదము పెద్దలకంటె త్వరగా తెలియును. కావున వారికి దయాగుణమును అలవరుపదలచిన వారు భగవానుడు చెప్పిన వరుసనే పాటింపవలసియున్నది.

హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు గల దారి ఈ విషయమును ఆలోచించుటకు తగిన చోటు. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడచుట ఆరంభమైనది. దిల్‌సుఖ్‌నగర్ దాటిన తరువాత చైతన్యపురి, ఆపైన విక్టోరియా మెమోరియల్, చివరకు ఎల్.బి.నగర్ స్టేషనులు వచ్చును. ప్రయాణము పది నిమిషములైనను పట్టదు. అయినను ఆ నాలుగు పేర్లలో ఒక ధర్మబోధ దాగియున్నది. దిల్ అనగా హృదయము. సుఖ్ అనగా సుఖము. హృదయసుఖమును కోరి బయలుదేరినవాడు చైతన్యమును, అనగా ఎరుకను, పొందవలెను. ఎరుక కలిగినవాని కంటికి పిమ్మట కనబడునది అనాథశరణాలయము. ఏలయన విక్టోరియా మెమోరియల్ అను పేరు అచ్చటి అనాథాశ్రమము వలన వచ్చినది. 1901లో విక్టోరియా రాణి మరణించిన పిమ్మట ఆమె స్మృత్యర్థము ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలమున సరూర్‌నగర్‌లో ఆ ఆశ్రమము వెలసినది. తల్లిదండ్రులు లేని బాలలు ఎందరో అచ్చట తలదాచుకొని చదువుకొని పెద్దవారైరి. ఇక చివరి స్టేషను లాల్ బహదూర్ నగర్. ఆ మహానుభావుని సంగతి ముందు ముందు రాగలదు.

ప్రతిదినము ఉదయమున భుజములకు పుస్తకముల సంచులు తగిలించుకొని వందలాది బాలబాలికలు ఆ రైలునందు ప్రయాణము చేయుదురు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి ప్రాంతములు శిక్షణ కేంద్రములకును హాస్టళ్ళకును పేరుపొందినవి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, మహబూబ్‌నగర్ వైపు పల్లెలనుండి వచ్చిన పిల్లలు ఇరుకు గదులలో మంచముల మీద మంచములు వేసికొని చదువుచుందురు. ఒకడు పొలము తాకట్టు పెట్టి పంపిన తండ్రిని తలచుకొనుచుండును. ఒకడు ఇంటిమీద బెంగతో అన్నము వదలివేయును. మరియొకడు ఆంగ్లము తడబడునని తరగతిలో నోరు తెరవడు. వీరందరి పేర్లు ప్రకటన స్టేషను పేర్లవలెనే చెవిన పడి పోవుచుండును. పేరు వినుట వేరు, దిగి చూచుట వేరు. ఆ దిగి చూచుటనే శాస్త్రములు ఎరుక అన్నవి.

కౌమారము ఎరుకకు పుట్టినిల్లు అని కఠోపనిషత్తు తెలుపుచున్నది. వాజశ్రవసుడు సర్వస్వమును దానము చేయు యాగమును తలపెట్టి, కడకు పాలింకిపోయి, ఈనుటకు శక్తి తొలగిన ముసలి గోవులను దక్షిణగా తోలించుచుండెను. అచ్చట ఎందరో పెద్దలుండిరి. ఎవ్వరును నోరు మెదపలేదు. పసివాడైన నచికేతుని మనస్సున మాత్రము శ్రద్ధ ప్రవేశించెను. పనికిరానిదానిని ఇచ్చి దానమనుకొనుట తండ్రికి మేలు చేయదని అతడు గ్రహించెను. "నన్నెవరికిచ్చెదవు?" అని ముమ్మారు అడిగెను. తండ్రికి కోపము వచ్చి యమునికిచ్చితిననెను.

ఆ ముసలి గోవులు నేటికిని నడచుచునేయున్నవి. ఒక ఇంటిలో పదునైదేండ్ల బాలుని జన్మదినమనుకొనవచ్చును. తల్లి బీరువా తెరచి, పొట్టివైన చొక్కాలను, గుండీలు ఊడినవానిని, రంగు వెలసినవానిని ఏరి మూటగట్టి, "అనాథాశ్రమమునకు ఇత్తము, పుణ్యము వచ్చును" అనును. అచ్చట పిల్లలను వరుసగా నిలుచుండబెట్టుదురు. మూట అందించుచుండగా తండ్రి సెల్‌ఫోనులో చిత్రము తీయును. సాయంకాలమునకు ఆ చిత్రము బంధువులందరికిని చేరును. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపును లోకమునకు వెల్లడించుటను 2015 నాటి బాలల న్యాయ చట్టము నిషేధించుచున్నదని ఆ తండ్రికి తెలియకపోవచ్చును. కాని ఆ బాలునికి చట్టము తెలియకున్నను మరియొకటి తెలియును. వరుసలో నిలుచున్న పిల్లవాడు తన యీడువాడే. ఆ చొక్కా తాను తొడగనని విసరివేసినదే. ఇంటికి వచ్చుదారిలో అతడు మాటలాడడు. తల్లి అతనికి గర్వము వచ్చినదనుకొనును. నిజమునకు అతని మనస్సున ప్రవేశించినది నచికేతుని శ్రద్ధ. ఆ క్షణమున వానిని కసరినచో దయ అనునది పెద్దల వేషములలో ఒకటి అని వాడు స్థిరపరచుకొనును. "నీకేమి తోచినది?" అని అడిగినచో ఒక ధర్మాత్ముడు పుట్టును.

అయితే నచికేతుని కథ అంతటితో ముగియలేదు. యముడు మూడు వరములు కోరుకొమ్మనగా ఆ బాలుడు మొదట ఆత్మవిద్యను కోరలేదు. తన తండ్రి మనస్సు శాంతించవలెనని, తనపై కోపము పోవలెనని, తిరిగివచ్చిన తనను ప్రేమతో పలుకరింపవలెనని కోరెను. తండ్రి దోషమును కనుగొన్న బాలుడే తండ్రి శాంతిని మొదటి వరముగా అడిగెను. పెద్దల లోపములు కనబడు ప్రాయమున నున్న పిల్లలు గమనింపదగిన విషయమిది. తప్పు పట్టుట తెలివి. తప్పు చేసినవారి మేలు కోరుట దయ. రెండును కలిసిననే నచికేతుడు.

ఇక మైత్రి యనగా నేమో శ్రీమద్భాగవతము దశమస్కంధమున కుచేలోపాఖ్యానము చెప్పును. ఓరుగల్లు సీమకు చెందిన బమ్మెర పోతన దానిని తెలుగు వారి ఇండ్లలో నిలిపెను. దరిద్రుడైన కుచేలుడు భార్య మాటమీద, చినిగిన ఉత్తరీయపు కొంగున పిడికెడు అటుకులు ముడివేసికొని ద్వారకకు వెళ్ళెను. కృష్ణుడు దూరమునుండియే చూచి దిగివచ్చి కౌగిలించుకొనెను, తన పాన్పుపై కూర్చుండబెట్టెను, కాళ్ళు కడిగెను. అటుపిమ్మట "నీకేమి కావలెను?" అని అడుగలేదు. చేయి పట్టుకొని గురుకులమునాటి ముచ్చట ఒకటి ఎత్తెను.

సాందీపని మహర్షి ఆశ్రమమున చదువుచున్న దినములలో ఒకనాడు గురుపత్ని కట్టెలు తెమ్మని పంపగా వారు అడవికి వెళ్ళిరి. అకాలవర్షము కురిసెను. గాలి వీచెను, చీకటి కమ్మెను. మిట్టపల్లములు తెలియకుండ నీరు నిండెను. దారి తప్పిన బాలురు ఒకరి చేయి ఒకరు పట్టుకొని కట్టెల మోపులతో రాత్రియంతయు అడవిలో తిరుగాడిరి. తెల్లవారిన పిమ్మట గురువు వెదకుచు వచ్చి, తడిసి ముద్దయైన వారిని చూచి కరగి, ఆశీర్వదించెను. ద్వారకాధీశుడు ఏండ్లు గడచినను మరువనిది ఆ రాత్రి. ఆ చీకటిలో రాజు లేడు, పేద లేడు. పట్టుకొన్న చేయి మాత్రమే యుండెను.

ఈ కథలో కౌమారమునకు మూడు పాఠములు కలవు. మొదటిది, దయకు విత్తనము సమానులుగా గడిపిన కాలమున పడును. పెద్దయై సంపద వచ్చిన తరువాత దానము చేయుదమనుకొనువానికి అప్పుడు పట్టుకొనుటకు చేయి దొరకదు. రెండవది, కృష్ణుడు ఇచ్చుటకు ముందు పుచ్చుకొనెను. "నాకేమి తెచ్చితివి?" అని అడిగి, సిగ్గుతో దాచుకొనుచున్న మూటను తానే తీసి అటుకులు ఆరగించెను. పేదవానిని కూడ దాతను చేసినది ఆ పిడికిలి. మూడవది, ఆయన ఇచ్చినది సభలో ఇయ్యలేదు. కుచేలుడు ఒట్టిచేతులతో బయలుదేరి, ఇల్లు చేరిన పిమ్మటనే కలిమిని చూచెను. అడుగవలసిన అవమానము లేదు, నలుగురిలో పొందిన సంకోచము లేదు. స్నేహితుని మర్యాదను కాపాడుట ఇచ్చిన సంపదకంటె గొప్ప దానము.

హాస్టలు గది నేటి గురుకులమే. అచ్చట కురియు అకాలవర్షము పరీక్షాఫలితము. పతంజలి చెప్పిన మొదటి భావన ఇచ్చట అక్కరకు వచ్చును. సుఖముగా నున్నవానియెడ మైత్రి చూపుట దుఃఖించువానిపై జాలిపడుటకంటె కష్టము. పక్క మంచముమీది మిత్రునికి మంచి ర్యాంకు వచ్చినదని విన్నప్పుడు లోపల ఒక ముల్లు కదలును. అది దోషము కాదు, మనుష్య సహజము. ఆ ముల్లును దాటి వెళ్ళి "బాగు చేసితివి" అని చేయి కలుపుట సాధన. ఆ సాధన చేసిన బాలుడు ఓడినవాని వైపు నడచుటకు అర్హుడగును. అసూయతో నున్నవాడు ఓడినవానిని ఓదార్చినను ఆ ఓదార్పులో ఏదో తృప్తి తొంగిచూచును. ఓడినవానికి అది తెలిసిపోవును.

ఈ మాటలు కేవలము నీతి కొరకు కావు. 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరని పత్రికలు ప్రకటించినవి. ప్రతియొక్కరికిని ఒక తల్లి యుండెను, ఒక గది యుండెను, ఆ గదిలో తోటివారుండిరి. అట్టి విషాదమునకు ఏదో ఒకటే కారణమని చెప్పరాదు. ఎవరిని నిందించియు ప్రయోజనము లేదు. కాని చీకటిలో ఒక చేయి పట్టుకొనుట అన్నదానికి అర్థము ఇట్టి వేళలలోనే కలదు.

తోటివాడు మాటలు తగ్గించి, అన్నము మానివేసి, తన వస్తువులను పంచిపెట్టుచు, "ఇక నాతో పని లేదు" అన్నట్లు మాటలాడినప్పుడు దానిని పరిహాసముగా తీసికొనరాదు. వాని పక్కన కూర్చుండవలెను. ఉపన్యాసమక్కరలేదు. "నీవు చచ్చిపోవలెనని అనుకొనుచున్నావా?" అని సూటిగా అడుగుటకు వెనుదీయరాదు, అట్లడుగుట వలన ఆ తలపు క్రొత్తగా పుట్టదని వైద్యులు చెప్పుదురు. వానిని ఒంటరిగా విడువక, నమ్మదగిన పెద్దకు వెంటనే చెప్పవలెను. "ఎవరికిని చెప్పకుము" అని ఒట్టు పెట్టించుకొన్నను ఆ ఒట్టును మీరుటయే ధర్మము. ప్రాణమును కాపాడు మాట రహస్యభంగము కాదు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, రేయింబవళ్ళు ఉచితముగా తెలుగులో మాటలాడువారు దొరకుదురు. ఆ సంఖ్యను ప్రతి హాస్టలు గది గోడమీద వ్రాసియుంచుట దేవుని పటము పెట్టుటవంటిదే.

గీతలోని మొదటి లక్షణమైన ద్వేషరాహిత్యమును గూర్చి యోచించిన, ద్వేషము పిల్లలలో కత్తి పట్టుకొని రాదు, ముద్దుపేరు పెట్టుకొని వచ్చును. ఒకని నల్లని రంగును, ఒకని పల్లెటూరి యాసను, ఒకని కులమును, ఒకామె లావును బట్టి పేర్లు పుట్టును. తరగతి వాట్సాప్ గుంపులో ఆ పేరు ఒకసారి పడిన తరువాత రాత్రియు దానికి విశ్రాంతి లేదు. పేరు పెట్టినవాడు నవ్వి మరచును. పడినవాడు ఏండ్ల తరబడి మోయును. నవ్వినవారందరును ఆ మోపులో ఒక కట్టె వేసినవారే. అట్టిచోట ఒక్కడు నవ్వక ఊరకున్నను చాలును. వానిని అసలు పేరుతో పిలిచిన మరియు మంచిది. భగవంతుని సహస్రనామములతో కొలుచువాడు మనుష్యుని ఒక్క నామమును చెడగొట్టరాదు.

ఈ విద్యకు తొలి బడి ఇల్లు. తెలుగు భాషలో నీవు, మీరు అను రెండు మాటలు కలవు. అపార్టుమెంటు వాకిట కూర్చున్న అరువదేండ్ల వాచ్‌మన్‌ను తండ్రి "ఏమిరా" అని పిలుచుటయు, లిఫ్టులో కలిసిన ఇరువదేండ్ల ఇంజనీరును "మీరు" అనుటయు పిల్లవాడు వినుచునేయుండును. ఎవరు మనుష్యులో, ఎవరు కారో అతనికి వ్యాకరణమే నేర్పుచున్నది. అంట్లు తోమునామెను "అక్కా" అని పిలిచి, ఆమె పిల్లల చదువును గూర్చి అడుగు తల్లి ఏ నీతిశతకమును బోధింపకున్నను సరిపోవును.

ఎల్.బి.నగర్‌కు పేరిచ్చిన లాల్ బహదూర్ శాస్త్రి జీవితము ఈ విషయమున తల్లిదండ్రులకు వెలుగు. 1904 అక్టోబరు 2వ తేదీన పుట్టిన ఆయన రెండేండ్లు నిండకమునుపే తండ్రిని కోల్పోయి మాతామహుని ఇంట పెరిగెను. తండ్రి లేని బాలుడు దేశమునకు ప్రధానమంత్రి అయ్యెను. 1965లో తిండిగింజల కొరత తీవ్రమైనప్పుడు వారమునకు ఒక పూట భోజనము మానుడని ఆయన ప్రజలను కోరెను. కాని ముందుగా తన ఇంట ఒక సాయంకాలము వంట చేయవలదని భార్య లలితాదేవితో చెప్పి, తన పిల్లలు ఆ ఆకలికి ఓర్వగలరో లేదో చూచిన పిమ్మటనే దేశమునడిగెనని ఆయన కుటుంబమువారు చెప్పియున్నారు. ఆ రాత్రి ఆ ఇంటి పిల్లలు నేర్చినది ఏ పాఠ్యపుస్తకమునను లేదు. ఆకలి యనునది ఎవరో ఇతరులకు కలుగు వింత కాదని వారి కడుపులే వారికి చెప్పియుండును.

కావున దయను అలవరుపగోరు తల్లిదండ్రులు చేయదగిన పనులు చిన్నవి, కాని మరల మరల చేయవలసినవి. జన్మదినమున అనాథాశ్రమమునకు వెళ్ళదలచినచో అధికారుల అనుమతి పొంది, వస్తువులు ఏమి అవసరమో ముందుగా అడిగి, క్రొత్తవానిని కార్యాలయమున అప్పగించి, చిత్రములు తీయక తిరిగిరావచ్చును. అంతకంటె మేలు, వీలైనచోట పిల్లవానిని నెలకొకసారి క్రమము తప్పక అచ్చటి పిల్లలతో ఆటకు పంపుట. ఒకసారి వెళ్ళి మానుటకంటె వెళ్ళకుండుటయే మంచిది. విడిచిపెట్టబడుట ఎట్టిదో ఆ పిల్లలకు ఇదివరకే తెలియును. మైదానమున తన కొడుకు ఓడి రావలెనని తల్లి కోరుకొనినను తప్పు లేదు. తనను ఓడించినవానిని ఎవడును "పాపము" అనుకొనలేడు. ఆ దినమున అచ్చటి బాలుడు నేర్పిన బంతివిసరును ఇంటికి తెచ్చుకొన్నచో, అవి కుచేలుని అటుకులు.

దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా మందిరమున గురువారము నాడు భక్తులు బారులు తీరుదురు. ఇట్టి రద్దీ ఉండు ఏ ఆలయమునందైనను దర్శనమునకు పిల్లలను తీసికొనిపోవు తల్లిదండ్రులు ఒక్క గంటసేపు వారిని పాదరక్షలు సర్దు పనికో, వృద్ధుల చేయి పట్టి మెట్లెక్కించు పనికో అప్పగింపవచ్చును. వంగి ఇతరుల చెప్పులు సర్దిన బాలుని తల గర్భగుడిముందు తనంతట వంగును.

కౌమారము కరిగిన లోహము వంటిది; ఏ అచ్చున పోసిన ఆ రూపు దాల్చును. పోటీ యను అచ్చు ఒక్కటే వారి ముందుంచి, పిమ్మట దయలేదని వగచిన ఫలమేమి? రైలు దిల్‌సుఖ్‌నగర్ దాటి చైతన్యపురి చేరినప్పుడు, పక్కన నిలుచున్న తోటి విద్యార్థి ముఖమును ఒకసారి చూచి, "అన్నము తింటివా?" అని అడుగుట ఏ బాలునికైనను సాధ్యమే. తెలుగువారి ఇండ్లలో దయకు అంతకంటె పాత పేరు లేదు. చీకటి అడవిలో మిత్రుని చేయి విడువని ఆ నందనందనుడు మన బాలబాలికలకు మొదట మైత్రిని, దాని వెనుక కరుణను ప్రసాదించుగాక.